చికిత్స బెంగుళూరులో, శిక్ష మన వీధిలో



బెంగుళూరులోని నిమ్హాన్సు ఆసుపత్రి మన హోసూరునకు 40 కిలోమీటర్ల లోపే యున్నది. కృష్ణగిరి వారికిని ఒక పూట ప్రయాణమే. త్రాగుడుకో గంజాయికో బానిసయైన పిల్లవానిని, మనస్సు చెదరిన బిడ్డను, తెల్లవారకముందే బస్సెక్కించి అచ్చటికి గొనిపోవుచున్నాము. ఇరుగుపొరుగు వారడిగినచో "మేనమామ యింటికి పోయినాడు" అని చెప్పుచున్నాము. అప్పు చేసియైనను వైద్యము చేయించుచున్నాము. బాగుపడి తిరిగివచ్చిన పిదప వానికి మనము చేయుచున్నదేమి?

పని ఈయము. పిల్లనీయము. పెండ్లిపందిట కనబడినచో గుసగుసలాడుదుము.

ఈ దోషులలో మొదటివాడను నేనే. రెండేండ్ల క్రిందట మనవారి పిల్లవాడొకడు, డిప్లొమా చదివినవాడు, చికిత్స ముగించుకొని వచ్చి నా యంగడిలో లెక్కలు వ్రాసెదనని యడిగెను. నాకు గల్లాపెట్టె గుర్తునకు వచ్చినది. "పండుగ కానిమ్ము, చూతము" అంటిని. పండుగలు రెండు గడచినవి. వాడు మరల సీసా పట్టెను. "ఆసుపత్రివారు చేయవలసినది చేసిరయ్యా, మీరే చేయలేదు" అని వాని తల్లి నా గడప ముందర నిలిచి యన్నది. పని యిచ్చియుండినచో వాడు త్రాగకుండెడివాడని ప్రమాణము చేయజాలను. ఈయకపోతినని మాత్రము చేయగలను.

"మరల త్రాగడని పూచీ యేమి?" అని పెద్దలందురు. పూచీ లేదు. వ్యసనము మధుమేహము వలె, రక్తపుపోటు వలె తిరుగబెట్టగల దీర్ఘవ్యాధి యని వైద్యులు చెప్పుచున్నారు. చక్కెర పెరిగిన తండ్రిని వీధిలోనికి గెంటుచున్నామా? మరికొందరు "నయమైనది గదా, ఇంక మాత్రలేల?" అని వైద్యునడుగకయే మాన్పించుచున్నారు. ఇది ప్రేమ గాదు, అపకారము.

2018 మే 29 నుండి అమలులోనున్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను గూడ వ్యాధిగానే యెంచినది. రోగికి సంఘమున జీవించు హక్కు కలదనియు, ఇంటివారు చేర్చుకొనలేదను కారణముచేత మాత్రమే వానిని ఆసుపత్రిలో నుంచరాదనియు శాసించినది. చట్టము తెరచిన తలుపును మనము మూయుచున్నాము.

ఇక పరువు మాట. చెన్నపట్టణమున శాంతి రంగనాథన్ గారు త్రాగుడువలన భర్తను గోల్పోయి, ఆ దుఃఖమును దాచుకొనక, 1980లో వ్యసన చికిత్సకై సంస్థను స్థాపించిరి. రోగితోపాటు ఇంటివారికిని అచ్చట బోధ గలదు. ఆమె పరువు పోలేదు. 1992లో పద్మశ్రీ వచ్చినది.

మన బడులలో తెలుగు నిలువవలెనని పోరాడుచున్నాము. న్యాయమే. ఆ తెలుగు మాటలాడు పిల్లలే మన గడపలలో నిలువలేకున్నచో ఆ పోరాటమెవరికొరకు?

కనుక నా మనవి. అంగడి గల ప్రతివాడును ఇట్టివారిలో నొకనికి ఆరు మాసములైనను పూర్తి జీతముతో పని ఈయవలెను. వైద్యుని దర్శనమునకు పోవునాడు సెలవీయవలెను. తోడుపోవుటకు సంఘమున నొక పెద్ద సిద్ధముగా నుండవలెను. వారమున కొక సాయంకాలము సంఘమందిరము వారికై తెరచియుంచవలెను. మన పెండ్లిండ్లలో మద్యము పోయరాదు. అపాయవేళ 14416 అను టెలి మానస్ సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగున సైతము సలహా దొరకును.

నా యంగడిలో ఒక కుర్చీ సిద్ధముగా నున్నది. ఆ పిల్లవానికే మొదట కబురంపితిని. రెండవ యంగడి యెవరిది?