విడిపోయినవారు మరల వేదిక నెక్కినప్పుడు

విడిపోయిన వాద్యబృందములు ఏండ్ల తరువాత మరల కలిసి పెద్ద పెద్ద అరీనాలలో పాడుట ఈ కాలమున సామాన్యమైనది. అట్టి కచేరీలను గూర్చి పెద్దలు చెప్పు మాట యొకటి కలదు: పాత సరకునకు క్రొత్త చీటీ యంటించి అమ్ముచున్నారనియు, యౌవనమును వెలకు కొనవచ్చునని భ్రమించువారే దానిని కొందురనియు. నేను వర్తకుడను. సరకెట్టిదో, దాని వెల తగినదో కాదో చూచుట నా వృత్తి. ఆ దృష్టితోనే విచారించి, ఆ మాట సగమే సత్యమని మన పాఠకులకు మనవి చేయుచున్నాను.

2023 అక్టోబరులో వ్యాపారపు పనిమీద లండను పోయినప్పుడు, అచ్చట ఉద్యోగము చేయుచున్న మా మేనల్లునితో కలిసి ఓ2 అరీనాలో బ్లింక్-182 అను అమెరికా బృందము కచేరి చూచితిని. ఇరువది వేలమంది పట్టు మందిరమది. పాప్-పంక్ అనబడు వీరి సంగీతము మనలో పెద్దలకు పరిచితము కాదు. గిటారు, బాసు గిటారు, డ్రమ్ములు, పరికరములు ఇంతే. తాళము వేగమైనది. వరుస ఒకసారి వినినంతనే నోటికి వచ్చును. మూడు నిమిషములలో పాట ముగియును. పాటకు పాటకు నడుమ వీరాడు పరిహాసములు మన యిండ్లలో పెద్దలయెదుట చెప్పదగినవి కావు. ఇది దాచవలసిన సంగతి కాదు.

వీరి చరిత్ర వినదగినది. 1992లో కాలిఫోర్నియాలోని పోవే అను ఊర మార్క్ హాపస్, టామ్ డిలాంగ్ మరియొక డ్రమ్ము వాద్యకునితో కూడి దీనిని ప్రారంభించిరి. 1998లో ట్రావిస్ బార్కర్ చేరెను. మరుసటి సంవత్సరపు ఆల్బముతో లోకప్రసిద్ధి కలిగెను. 2005లో విడిపోయిరి. 2008లో బార్కర్ ఎక్కిన విమానము ప్రమాదమునకు లోనై నలుగురు మరణించిరి. అతడు తీవ్రముగా కాలియు బ్రతికెను. ఆ దెబ్బతో 2009లో ముగ్గురును కలిసిరి. 2015లో డిలాంగ్ మరల వెడలిపోయెను. 2021లో హాపసునకు కాన్సరు వచ్చి, చికిత్సచే ఆ యేడే నెమ్మదించెను. 2022 అక్టోబరులో ముగ్గురును మరల కూడితిమని ప్రకటించిరి.

ఇదంతయు ధనము కొరకే యని కొందరందురు. ధనాశ లేదని నేను చెప్పను. కాని లెక్క చూడుడు. డిలాంగ్ లేనప్పుడు మాట్ స్కీబా అను గాయకుని చేర్చుకొని వీరు వెలువరించిన 2016నాటి ఆల్బము అమెరికా పట్టికలో ప్రథమస్థానమునకు వచ్చెను. అనగా పాత భాగస్వామి లేకయే దుకాణము చక్కగా నడచుచుండెను. నడచుచున్న దుకాణములోనికి అలిగిపోయినవానిని మరల పిలుచుట లాభనష్టముల పద్దులో మాత్రమే తేలునది కాదు.

ఇంటియందు పాట విన్నప్పుడు మనకు గొంతులు మాత్రమే దొరకును. అరీనాలో దొరకునది వేరు. ఒక చరణము హాపస్, మరియొకటి డిలాంగ్ పాడుచు, ఒకని వంక మరియొకడు చూచి నవ్వుట కంటికి కనబడును. ఏబదియొక్క యేండ్ల హాపస్ వ్యాధినుండి లేచినవాడని అచ్చట చేరినవారందరు ఎరుగుదురు. నలుబది దాటినవారు తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, వారితో కలిసి ప్రతి మాటయు పాడుచుండిరి. యౌవనమును కొనవచ్చినవారు ఇట్లు బిడ్డలను తోడ్కొని రారు. తాము ప్రేమించినది ఇంకను బ్రతికియున్నదని చూపుటకే వచ్చిరి.

అయినను ఒక యాక్షేపణ న్యాయమైనది. ఈ పర్యటనకు టిక్కెట్టు వెలలను గిరాకీని బట్టి అప్పటికప్పుడు పెంచుచు పోయిరని అభిమానులు అనేకులు మొరపెట్టిరి. పండుగనాడు గడియకొక ధర చెప్పు వర్తకుని మనము మెచ్చము. ఒకే వరుసలోని ఆసనమునకు ఉదయమొక వెల, మధ్యాహ్నమొక వెల యనుట వర్తకధర్మము కాదు. అభిమానము గలవాని యవసరమును చూచి ధర కట్టరాదు.

ఈ విషయమున నాకు ముఖ్యమని తోచినది వేరొకటి కలదు. మొదటి కలయికకు విమానప్రమాదము, రెండవదానికి కాన్సరు కారణములైనవి. 2023లో వెలువరించిన "వన్ మోర్ టైమ్" అను పాటలో వారే ఈ సంగతిని తలచుకొని చింతిల్లిరి. మధ్య గడచిన సంవత్సరములను ఏ టిక్కెట్టు వెలయు తిరిగి తేజాలదు.

మనలోను ఒకే గల్లాపెట్టె కడ పెరిగి, ఒక మాటపట్టింపుచే విడిపోయి, పెండ్లిపందిటిలో ఎదురుపడియు పలుకరించుకొనని అన్నదమ్ములు కలరు. కబురు పంపుటకు ఆసుపత్రినుండి వార్త రావలెనని చాలమంది యెదురుచూతురు. అప్పటికి ఒక్కొక్కప్పుడు వినుటకు మనిషి యుండడు. బిడ్డలు ఇట్టి కచేరికి పోవుదుమన్నప్పుడు వెక్కిరింపక, వీలైనచో వారితో పోయి చూడుడు. ఇరువురును ఆరోగ్యముతో నున్నప్పుడే మొదటి మాట చెప్పుట అన్నిటికంటె చౌకయైన బేరము.