ఇంటి మాట

మా ముదగల్లు కోట గోడనీడన ఇదివరకు సాయంకాలమైతే పిల్లల కేకలు వినిపించేవి. ఇప్పుడు అందరివీ ఫోనుల్లోకి వంగిన తలలే. ఊరివారి మాట యెందుకు? మా తమ్ముని బిడ్డకు మూడేళ్లు. ఫోను చూపనిదే ముద్ద దిగదు. ఇంగ్లీషులో రంగుల పేర్లు చెబుతుంది గాని, “పెదనాన్నా” అని పిలవదు. తప్పు బిడ్డది కాదు. ఆఫీసునుంచి అలసివచ్చి ఫోను చేతికిచ్చినవాణ్ణి నేనే.

రెండు మొదలు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఎదుటివారు బదులు పలికితేనే గదా బిడ్డకు మాట వచ్చేది! బడిలో, బజారులో కన్నడం వున్నది. మన తెలుగుకు ఇల్లే దిక్కు. అదీ మూగపోతే?

ఈ నెలనుంచి అన్నంవేళ మా ఫోనులన్నీ బీరువాలోనే. మూడు రోజులు యేడ్చింది. నిన్న, “పెదనాన్నా, కథ” అన్నది. మీరూ ప్రయత్నించి చూడండి.