తల్లి వరస ముందు రాయండి
మార్వాడీ గుర్రం చెవులు నిక్కబొడిస్తే కొనలు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ చెవుల ముచ్చట రాగానే కచ్ తీరంలో మునిగిన ఓడ నుంచి ఒడ్డుకు చేరిన అరబ్బు గుర్రాలే ఈ జాతికి మూలమనే కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. గుర్రం గొప్పతనాన్ని తండ్రి వైపే వెతకడం మనకు అలవాటు. నా లెక్క వేరు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోములో ప్రపంచంలోని పెంపుడు గుర్రాల మధ్య తేడాలు చాలా తక్కువ. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో మాత్రం వైవిధ్యం పుష్కలం. పేరున్న మగగుర్రం ఒక్కటే వందల పిల్లలకు తండ్రి కాగలదు. ఆడగుర్రం ఈనేది ఏడాదికి ఒక్క పిల్లనే, అందుకే మందకు తల్లులు చాలామంది కావాలి. నేటి పెంపుడు గుర్రాల పుట్టిల్లు సుమారు 4,200 ఏళ్ల కిందటి వోల్గా, డాన్ నదుల దిగువ గడ్డిమైదానాలని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందరి పుట్టిల్లూ అక్కడే అయినప్పుడు, ఒక జాతిని ఎడారికి చెందినదిగానో మణిపూర్ కొండలకు చెందినదిగానో చేసిందెవరు? అక్కడి ఎండకూ వానకూ మేతకూ ఓర్చి, తరతరాలుగా అక్కడే ఈనిన తల్లులకే ఆ ఘనతలో పెద్దవాటా ఇస్తాను. 2019 పశుగణన నాటికి దేశంలో మిగిలిన గుర్రాలు, పోనీలు 3.4 లక్షలే; 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. పెంపకందార్లూ, వంశావళిలో తల్లి వరస ముందు రాయండి. మంచి ఆడగుర్రాన్ని వదులుకునే ముందు దాని ఆడసంతానం ఒక్కటైనా మందలో ఉండేలా చూసుకోండి.