తెగ పేరు హెడ్డింగులో ఎందుకు?

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర అటవీ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావుని నరికి చంపారు. ఘోరం. ఆ నేరానికి మరుసటి ఏడు కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. పేపర్ల హెడ్డింగుల్లో మాత్రం చంపింది ‘గుత్తికోయలు’. హత్య జరిగిన కొద్ది రోజుల్లోనే బెండాలపాడు పంచాయతీ తమ పరిధిలోని గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్ పంపెయ్యాలని తీర్మానం చేసింది.

జంగారెడ్డిగూడెంలో నాది పేపర్ ఏజెన్సీ. కట్ట విప్పాక ఆ అక్షరాలు ఊళ్లో ఏం చేస్తాయో దగ్గర్నుంచి చూస్తాను. మా ఖాతాదారు ఒకాయన పామాయిల్ తోటలో ఛత్తీస్‌గఢ్ సుక్మా వైపు నుంచి వచ్చిన కుటుంబం గెలలు కోసేది. ఏళ్లుగా షెడ్డులోనే ఉంటున్నారు, ఎవరితోనూ ఒక్క మాట పడలేదు. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, “వీళ్లూ వాళ్లేనట గదండీ, మనకెందుకొచ్చిన గొడవ” అన్నాడు. ఆ వారమే ఖాళీ చేయించాడు. పిల్లలతో, సత్తు గిన్నెలతో బస్టాండులో కూర్చున్నారు వాళ్లు. చండ్రుగొండ ఎటుందో కూడా ఎరగరు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకి ఎదురుగా సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక, అటు మావోయిస్టులు ఇటు జుడుం మధ్య నలిగి బస్తర్‌లో ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చారు. వాళ్లనే ఇక్కడ గుత్తికోయలంటున్నారు. అక్కడ వాళ్లు షెడ్యూల్డ్ తెగ. ఇక్కడ ఆ సర్టిఫికెట్ రాదు. పోడు కొట్టారన్న వార్తలో ఈ రెండు ముక్కలు ఎప్పుడో గాని కనబడవు. అడవి పోతోందన్న బాధ నిజమే, రాయాల్సిందే. ఎందుకొచ్చారో కూడా రాస్తేనే అది పూర్తి వార్త.

రాయడం చేతకాక కాదు. 2024 జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలి 40 మందికి పైగా భారతీయులు పోయినప్పుడు, మన గోదావరి జిల్లాల వాళ్ల ఊరు, ఇల్లు, వెనక మిగిలినవాళ్లు అన్నీ రాశారు. చదివి కళ్లు తుడుచుకున్నాం. మిరప కోతకొచ్చిన బస్తర్ మనిషి ట్రాక్టరు బోల్తాపడి పోతే ‘ఛత్తీస్‌గఢ్ కూలీ మృతి’, రెండు లైన్లు.

రాతల దెబ్బ మనవాళ్లూ తిన్నారు. బర్మాలోని రంగూన్ రేవులో బరువులు మోసిన తెలుగు కూలీల మీద 1930 మేలో దాడులు జరిగాయి. 1938లో మళ్లీ భారతీయుల మీద అల్లర్లు రేగితే, విచారణ సంఘం బర్మీస్ పత్రికల రాతల్ని తప్పుపట్టింది.

జిల్లా డెస్కులో తమ్ముళ్లని అడిగేది ఇదే. నేరం చేసినవాడి పేరు రాయండి, తెగ పేరు హెడ్డింగులోంచి తీసెయ్యండి. చనిపోయిన కూలీ పేరు, ఊరు స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఇంటివాళ్లతో మాట్లాడాలంటే కోయ భాష వచ్చినవాళ్లు బుట్టాయగూడెంలో కావలసినంతమంది ఉన్నారు.