ముందు ఎవరికి పెట్టి తిన్నారు?



జూన్ నెల మొదటి శుక్రవారం. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా చిన్నాన్న కొడుకు వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. చేతిలో చక్కెర అద్దిన డోనట్, కింద "హ్యాపీ డోనట్ డే" అని. ఆ ఫొటో మా నానమ్మకి చూపించా. చిల్లు గారెలా ఉందని నవ్వింది. "ఇయ్యాల ఏం పండగంట?" అని అడిగింది. డోనట్ పండగంట అన్నా. కాసేపు ఆలోచించి, "మరి ముందు ఎవరికి పెట్టి తిన్నార్రా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. ఆమె ఎగతాళిగా అడగలేదు. ఆమెకి తెలిసిన ప్రతి తిండి పండక్కీ ఆ ప్రశ్న ఉంటుంది కాబట్టి అడిగింది.

మీ ఫోన్లోనూ రోజుకో 'డే' వస్తూనే ఉంటుంది. పిజ్జా డే, చాక్లెట్ డే, కాఫీ డే. పొద్దున లేవగానే గ్రూపుల్లో "చరిత్రలో ఈరోజు" అని ఓ పెద్ద పోస్టు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్లయితే వాటిని బిట్లుగా బట్టీ పడతారు కూడా. నేనూ పట్టా. ప్రపంచ పప్పుధాన్యాల దినోత్సవం ఎప్పుడు? ఫిబ్రవరి 10. ప్రపంచ ఆహార దినోత్సవం? అక్టోబర్ 16. నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ మా ఊళ్లో చిక్కుడుకాయ పండగ ఏ నెలలో, ఏ గుర్తు చూసి పెడతారని ఎవరైనా అడిగితే నానమ్మ వైపు చూడాల్సి వస్తోంది. ఈ వ్యాసం నాకు నేను పెట్టుకున్న చీవాట్లు అనుకోండి.

ముందు ఈ 'డే'లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అని ఒక ఊరుంది. 1957లో అక్కడ ఒక పత్రికాఫీసులో లైబ్రేరియన్‌గా పనిచేసే విలియం చేజ్, తన అన్నదమ్ముడు హారిసన్‌తో కలిసి ఏ రోజు ఏ విశేషమో రాసి పెట్టే పుస్తకం మొదలుపెట్టాడు. చేజెస్ క్యాలెండర్ అంటారు. ఫలానా రోజును ఫలానా 'డే'గా చేర్చండి అని ఎవరైనా రాసి పంపొచ్చు, నచ్చితే చేరుస్తారు. దానికి పార్లమెంటూ అక్కర్లేదు, ఊరి సభా అక్కర్లేదు. ఇప్పుడు ఆ పని చేసే వెబ్‌సైట్లు ఎన్నో ఉన్నాయి.

అన్నీ దొంగ రోజులని నేననను. డోనట్ డేనే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకి డోనట్లు వేయించి పెట్టిన ఆడవాళ్లని తలచుకోవడానికి 1938లో షికాగోలో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు దాన్ని మొదలుపెట్టారు. అంటే దాని వెనకా ఒక జ్ఞాపకం ఉంది. కానీ ఇవాళ ఆ రోజు మన దాకా వచ్చేసరికి జ్ఞాపకం దారిలో ఎక్కడో రాలిపోయింది, ఆఫర్ మాత్రమే చేరింది. ఇక 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ జూలై నెలని ఐస్‌క్రీం నెలగా, ఆ నెల మూడో ఆదివారాన్ని ఐస్‌క్రీం రోజుగా ప్రకటించాడు. అంతర్జాతీయ కాఫీ దినోత్సవం 2015లో మొదలైంది. అక్టోబర్ 1నే ఎందుకు? కాఫీ వ్యాపారానికి లెక్కల సంవత్సరం ఆ రోజు మొదలవుతుంది కాబట్టి. చెట్టుకి పూత వచ్చిందనో, పండు ఎర్రబడిందనో కాదు.

ఇప్పుడు మన వైపు రండి. కోయల్లో పండగని పండుమ్ అంటాం. విజ్జ పండుమ్ అంటే విత్తనాల పండగ. ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి దేవర ముందు పెట్టి, అక్కణ్ణుంచి తీసుకెళ్లి దున్నిన చేలో వేస్తాం. కొత్తల పండగ ఉంది, చిక్కుడుకాయ పండగ ఉంది, మామిడికాయ పండగ ఉంది. కొండరెడ్ల ఊళ్లకి వెళ్లండి, సవర, జాతాపు గూడేలకి వెళ్లండి, పేర్లు మారతాయి, కట్టు మాత్రం ఒక్కటే. పండగ అయ్యేదాకా ఆ పంట, ఆ కాయ నోట్లో పెట్టకూడదు.

తేడా ఎక్కడుందో చూశారా? మార్కెట్ పెట్టిన రోజు "ఈరోజు తిను" అంటుంది. మన పండగ "ఈరోజు దాకా ఆగు" అంటుంది.

చిన్నప్పుడు నాకు అది మూఢనమ్మకంలా అనిపించేది. చెట్టు నిండా కాయలుంటే తినొద్దంటారేంటి అని. ఆలోచిస్తే మూడు సంగతులు కనబడతాయి. ఒకటి, పిందె దశలోనే రాల్చేస్తే టెంక ముదరదు, ముదరని టెంక మొలవదు. రేపటి చెట్టుకి అదే కాపలా. రెండు, ఊరంతా ఒక్కసారే తింటుంది. చేతనైనవాడు ముందే కోసుకుపోయి, ముసలమ్మ ఇల్లూ మొగుడు పోయిన ఆడమనిషి ఇల్లూ ఖాళీ చెట్టుని చూడాల్సిన పని లేదు. మూడు, మనకంటే ముందు తినే హక్కున్నవాళ్లు ఉన్నారు: నేల, దేవర, పోయిన పెద్దలు. నానమ్మ అడిగిన ప్రశ్న అదే. ముందు ఎవరికి పెట్టావు?

ఇది అటవీశాఖ రాసిన రూలు కాదు. ఏ గార్డూ లాఠీ పట్టుకుని నిలబడలేదు. ఊరు పెట్టుకున్న కట్టు, ఊరే కాపాడుకుంది.

నిజం కూడా మాట్లాడుకుందాం. ఆ కట్టు ఇప్పుడు సడలుతోంది. పండగ కంటే ముందే వ్యాపారి ట్రాలీ ఆటో ఊళ్లోకి వస్తోంది. చింతపండైనా, మామిడైనా అడ్వాన్సు చేతిలో పెడితే కాదనలేని ఇళ్లు ఉన్నాయి, వాళ్లని తప్పు పట్టలేను. ఉద్యోగాలకీ కూలికీ బయటికి వెళ్లినవాళ్లకి వీలవుతుందని మా ఊళ్లో పండగని ఆదివారానికి జరుపుతున్నారు. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో పండగ నాడే పరీక్ష పెట్టేవాళ్లు. ఊరెళ్లినవాళ్లకి గైర్హాజరు పడేది. "మీకు చదువు మీద శ్రద్ధ లేదు" అని తిట్లు అదనం. మన క్యాలెండర్‌కి గోడ మీద చోటు లేకపోతే, ఆ పండక్కి వెళ్లడమే నేరమవుతుంది.

కాఫీ డే గురించి ఒక మాట. పాడేరు, అరకు కొండల్లో కాఫీ పండించేది మన ఆదివాసీ రైతులే. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్టోబర్ 1న సిటీలో కప్పు మీద కప్పు ఫ్రీ అని పోస్టర్లు పెడతారు. ఆ రోజు మీరు కాఫీ తాగండి, తాగొద్దనను. కానీ స్టేటస్ పెట్టేటప్పుడు ఇంకో లైను కూడా రాయండి: ఆ పండు కోసిన అక్కకి కిలోకి ఎంత ముట్టింది? 2023 చిరుధాన్యాల సంవత్సరం అప్పుడూ ఇదే అడగాల్సింది. చోళ్లు, సామలు, కొర్రలు తింటున్నామని ఒకప్పుడు మనల్ని చిన్నచూపు చూశారు. కోటా బియ్యం వచ్చాక మనమే వాటిని పొలం గట్టుకి నెట్టేశాం. ఇప్పుడవి పెద్ద హోటల్ మెనూలోకి ఎక్కాయి. గింజ మారలేదు, దాని రోజు ఎవరు జరుపుతున్నారన్నదే మారింది.

ఇక "చరిత్రలో ఈరోజు" సంగతి.

కొమరం భీం ఏ రోజు అమరుడయ్యాడు? ఫోన్లో వెతకండి. 1940 అని దొరుకుతుంది, తేదీ దగ్గరికొచ్చేసరికి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. జోడేఘాట్‌లో అడగండి. ఒక్కటే జవాబు: ఆశ్వయుజ పౌర్ణమి. ప్రతి ఏడాదీ ఆ పౌర్ణమి నాడే వర్ధంతి. ఇంగ్లిష్ తేదీ రాసిపెట్టుకోని జనం వెన్నెలని గుర్తుపెట్టుకున్నారు. కానీ ఏటేటా మారే తిథి "చరిత్రలో ఈరోజు" జాబితాలో ఇమడదు. జాబితాలో ఇమడనిది జరగనట్టు కాదు కదా. కెస్లాపూర్ నాగోబా జాతరా అంతే, పుష్య అమావాస్యకి. మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన వెళ్లి వచ్చాకే పూజ మొదలవుతుంది. భీం అమరుడయ్యాక, ఆదివాసుల గోడు ఎందుకు వినలేదని నిజాం సర్కారు తలపట్టుకుంది. హైమన్‌డార్ఫ్ చొరవతో 1942 నుంచి ఆ జాతరలోనే దర్బార్ పెట్టారు. అధికారులు కూర్చోవాలి, జనం చెప్పాలి. ఇదీ ఒక రోజే. శుభాకాంక్షలు చెప్పి వదిలేసే రోజు కాదు, జవాబు చెప్పాల్సిన రోజు.

1922 ఆగస్టు 22, చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి. అల్లూరి సీతారామరాజు పేరు ప్రతి జాబితాలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు ఎన్ని జాబితాల్లో చూశారు? గంటందొర 1924లో ప్రాణమిచ్చాడు. మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్లి బతికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఇంత పెద్ద జీవితం ఒక బిట్టుకి కూడా నోచుకోలేదు.

1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి. రైతుకూలీ సంఘం సభకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. ఊళ్ల జనం చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి జనాన్ని రానివ్వలేదు, 144 సెక్షన్ పెట్టారు. దండ వేయడానికి వచ్చేవాళ్లని ఆపడానికి పోలీసుల్ని పెట్టారంటే, ఒక తేదీకి ఎంత బలముందో ఆలోచించండి.

ఇంకొన్ని తేదీలు చెప్తా, రాసుకోండి. 1970 ఫిబ్రవరి 3: 1/70 అమల్లోకి వచ్చింది. డిసెంబర్ 24ని వినియోగదారుల దినోత్సవం అని చదువుకున్నాం, 1996లో పీసా చట్టం వచ్చిందీ ఆ రోజే. జూలై 11ని జనాభా దినోత్సవం అని చదువుకున్నాం, 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చిందీ ఆ రోజే. ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం. 2020లో సరిగ్గా ఆ రోజునే ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసులకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. పరీక్ష కోసం సగం తేదీ చదువుకున్నాం. మన బతుకుని మార్చిన సగం వదిలేశాం.

"బయటివాళ్లు పెట్టిన రోజులు వద్దంటే, ఆగస్టు 9 కూడా బయటిదే కదా అన్నా" అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. నిజమే. 1982 ఆగస్టు 9న జెనీవాలో మూలవాసుల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది, ఆ గుర్తుగా 1994లో ఆ రోజుని ప్రకటించారు. కానీ మనం దానికి డోలు తెచ్చాం, కొమ్ముబూర తెచ్చాం, డిమాండ్ల కాగితం తెచ్చాం. ఐటీడీఏ గేటు ముందు నిలబడ్డాం. అందుకే అది మనదైంది. అమెరికా మూలవాసులు ఇంకో దారి చూపించారు. అక్కడ థ్యాంక్స్‌గివింగ్ అంటే దేశమంతా విందు చేసుకునే రోజు. 1970 నుంచి వాళ్లు ప్లిమత్‌లో అదే రోజుని సంతాప దినంగా పాటిస్తున్నారు. మీ విందు మా నేల మీద మొదలైంది అని గుర్తు చేయడానికి.

కాబట్టి రోజు ఎక్కడ పుట్టిందన్న దానికంటే, దాన్ని ఎవరు నింపుతున్నారన్నదే ముఖ్యం.

మరి మనమేం చేద్దాం? పెద్ద పనేం కాదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక నోటుబుక్ తీసుకెళ్లండి. నానమ్మనో, తాతనో, ఊరి పూజారినో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. మన పండగలేంటి? ఏ పూత, ఏ కాయ, ఏ చంద్రుణ్ణి చూసి పెడతారు? ఆ రోజు దాకా ఏది ముట్టకూడదు? పక్క పేజీలో మీ ఊరి సొంత తేదీలు రాయండి: పోడు పట్టా దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తిరస్కరించారు, గ్రామసభ ఏ రోజు ఏం తీర్మానించింది, రోడ్డు లేక డోలీలో మోసుకెళ్లిన మనిషి ఎప్పుడు పోయాడు. అదే మీ ఊరి "చరిత్రలో ఈరోజు". దాన్ని గ్రామసభలో చదివి వినిపించండి. బడి సెలవుల్లో మన పండగని కలపమని తీర్మానం చేయించి, హెడ్‌మాస్టర్‌కీ ఐటీడీఏకీ ఇవ్వండి. మావ నాటే మావ రాజ్ అని నినాదం ఇస్తున్నాం కదా. మన ఊళ్లో మన రాజ్యం అన్నప్పుడు మన ఊళ్లో మన క్యాలెండర్ కూడా ఉండాలి.

మా తమ్ముడికి ఫోన్ చేసి నానమ్మ ప్రశ్న చెప్పా. నవ్వి, "అన్నా, ఇక్కడ ముందు బిల్లు కట్టి తింటారు" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆఖర్న వాడే అడిగాడు: "కొత్తల పండగ ఈసారి ఎప్పుడు పెడుతున్నారు? ఆదివారం కాకపోయినా వస్తా."

అడిగి చెప్తా అన్నా. మీరూ మీ ఇంటికి ఫోన్ చేసి అడగండి.