రాజీనామా తరువాత

2001 మార్చి 4న పోర్చుగల్‌లో డోరు నదిపై వంతెన కూలి 59 మంది జలసమాధి అయ్యారు. తప్పు కన్యగా కన్నుమూయరాదన్న తమ దేశపు నానుడి చెప్పి, బాధ్యత తనపై వేసుకొని, ఆ శాఖ మంత్రి జోర్జ్ కొయెల్యు ఆ రాత్రే రాజీనామా చేశారు. అరియలూరు రైలు ప్రమాదం తరువాత 1956లో శాస్త్రిగారు చేసిన రాజీనామా సరసన దాన్ని ఉంచి మెచ్చుకున్నవాణ్ణి నేను.

2008లో ఆయనే అక్కడి అతిపెద్ద నిర్మాణసంస్థ మోటా-ఎంజిల్‌కు సారథి అయ్యారు. ఆ మెప్పు వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడేళ్లు గడిచాయి కదా అంటారా? శాస్త్రిగారు మరుసటి ఏడే మళ్ళీ మంత్రి అయ్యారు, నిజమే; కాని అదీ ప్రజల కొలువే. ఏ దస్త్రం ఏ బల్ల మీద ఎందుకు ఆగుతుందో ప్రజల జీతం తింటూ నేర్చిన విద్యను గుత్తేదారుకు ధారపోసే హక్కు మంత్రికి ఎవరిచ్చారు?