మోతకూ సందర్భం వుంటుంది

తెలుగుభాషకు చప్పుళ్ళ విషయంలో లోటు లేదు. గజ్జెలు ఘల్లుమంటాయి, తలుపు కిర్రుమంటుంది, వాన చిటపటలాడుతుంది, పంటికింద రాయి కటుక్కుమంటుంది. వ్యాకరణవేత్తలు వీటికి అనుకరణ శబ్దాలని పేరు పెట్టి, సూత్రాలు కూడా చెప్పారు. ఇంత సంపద వుండి కూడా, మోటారు బండి ముందు చక్రాల దగ్గర మోత పుట్టిందంటే మనకు ఒక్కటే మాట: “గరగరమంటోందండీ!” ఆ ఒక్క మాట పట్టుకుని షెడ్డుకు వెళ్ళామా, తిరిగి వచ్చేటప్పటికి మన జేబు గలగలమనటం మానేస్తుంది.

మా బావమరిది మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగి. కొండలూ అడవులూ తిరగాలని మనసుపడి, ఎవరో వాడి వదిలిన పాత జిప్సీ ఒకటి కొన్నాడు. జిప్సీ మన దేశంలో 1985లో వచ్చింది. పట్టాల స్ప్రింగులు, దృఢమైన ఇరుసులు, అవసరమైతే నాలుగు చక్రాలకూ బలం పంపే లీవరు — ఇదీ దాని స్వరూపం. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే నెడతాయి. బురదలోనో ఇసుకలోనో దిగినప్పుడు లీవరు వేస్తే ముందు చక్రాలు కూడా పనిలోకి వస్తాయి. 2019 నాటికి సామాన్యులకు దాని అమ్మకం ఆగిపోయింది కనుక, ఇవాళ రోడ్డు మీద కనిపించే ప్రతి జిప్సీ వయసు మళ్ళుతున్నదే.

హైటెక్ సిటీలో ఇలాంటి బండి ఎందుకని అడగకండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టూ రాళ్ళగుట్టలే. అప్పుడైతే ఈ బండి అక్కడ దర్జాగా తిరిగేది. ఇప్పుడు అద్దాల మేడల మధ్య గంటకు పది కిలోమీటర్ల చొప్పున పాకుతున్నది. అయినా వానాకాలంలో దాని రోజు వస్తుంది. జోరుగా ఒక గంట వాన కురిస్తే చాలు, పల్లపు కూడళ్ళన్నీ చెరువులే. కార్లవాళ్ళు ఒడ్డున నిలబడి చూస్తుంటే మావాడు చక్రాలు సగం మునిగే నీళ్ళలోంచి ధీమాగా దాటుకుని వచ్చాడు.

మూడు వారాలకు మోత మొదలైంది. ఒక షెడ్డువారు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, ముందు ఇరుసులోని డిఫరెన్షియల్ మొత్తం పోయిందన్నారు. వారు చెప్పిన అంకె మావాడి నెల జీతంలో సగం. ఇంకొకరు, బండికి పదిహేనేళ్ళు నిండాయి, రిజిస్ట్రేషను తిరగరాయించుకునే ఖర్చు కూడా వుంది గదా, అమ్ముకోమన్నారు. అవతల శనివారం శ్రీశైలం ప్రయాణం. మా అత్తగారికి ముందు సీటు, పిల్లలిద్దరికీ వెనక సీటు అప్పటికే ఖాయమైపోయాయి. మన్ననూరు దాటితే అడవి. దోమలపెంట దాటితే ఘాటు రోడ్డు. ఆ మలుపుల్లో ముందు చక్రం మొరాయిస్తే గతేమిటని మా ఆవిడ బెంగ.

మూసాపేటలో నాకు తెలిసిన ఒక ముసలి మేస్త్రీ వున్నాడు. ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. మావాడు మోతను నోటితో చేసి చూపించబోయాడు. మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు.

“ఆవాజ్ ఎట్లుందో చెప్పొద్దు సార్. ఎప్పుడొస్తదో చెప్పుండ్రి.”

నాకు ఒళ్ళు జలదరించింది. మేము పరీక్షల్లో ‘సందర్భసహిత వ్యాఖ్య’ అడుగుతాము. ఈ మాట ఎవరు ఎవరితో ఎప్పుడన్నారో తెలియకుండా అర్థం చెప్పటానికి వీల్లేదని పిల్లలకు ఏళ్ళ తరబడి బోధిస్తున్నాము. ఈయన అదే సూత్రాన్ని చక్రానికి వర్తింపజేశాడు. అరిగిన బ్రేకూ గరగరమంటుంది, ఎండిన బేరింగూ గరగరమంటుంది, పళ్ళు విరిగిన గేరూ గరగరమంటుంది. మోత ఒకటే; సందర్భాలు వేరు.

మావాడికి సమాధానాలు తెలియవు. తెలియకపోవటంలో వింత లేదు. మెట్రో రైలు నెత్తిమీద, హారన్లు చెవిలో. పైగా మోత వినిపించేంత వేగం ఆఫీసువేళ అక్కడ ఎవరికి దక్కుతుంది? అందుకని మేస్త్రీ ఆదివారం తెల్లవారుజామున రమ్మన్నాడు. ముగ్గురం అద్దాలు దించుకుని, ప్రహరీగోడ పొడుగునా బండి పోనిచ్చాము. గోడ పక్కన నడిపితే చప్పుడు తిరిగివచ్చి చెవిన పడుతుందట.

మొదటి ప్రశ్న: మోత ఇంజనుదా, చక్రానిదా? నలభై కిలోమీటర్ల వేగంలో గేరు తప్పించి న్యూట్రల్‌లో వదిలాడు. ఇంజను ఆపలేదు, ఆపితే బ్రేకు గట్టిపడి ప్రమాదం. ఇంజను సద్దుమణిగినా మోత తగ్గలేదు. బండి నెమ్మదిస్తున్నకొద్దీ అదీ నెమ్మదించింది. కనుక మోత చక్రంతో తిరుగుతున్నదే.

రెండవది బ్రేకు. పాదం తేలికగా ఆనించాడు. ప్యాడ్లు అరిగి ఇనుమూ ఇనుమూ రాచుకుంటుంటే చప్పుడు అప్పుడు మారుతుంది. మారలేదు. బ్రేకు పళ్ళేనికీ దాని వెనక రేకుకీ మధ్య కంకర రాయి ఇరుక్కున్నా ఇలాంటి మోతే వస్తుందట. కట్టడాలు ఆగని సైబరాబాద్‌లో కంకరకు కరువా! టార్చి వేసి చూస్తే అదీ లేదు.

మూడవది మలుపు. స్టీరింగు మెల్లగా ఎడమకు తిప్పితే మోత పెరిగింది. కుడికి తిప్పితే తగ్గింది. బండి ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడివైపు ఒరుగుతుంది. కనుక అనుమానం కుడి చక్రం మీద. పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని వుంటే ఇరుసు చివరి జాయింటును అనుమానించేవాడు. అది అనలేదు.

నాలుగవది డిఫరెన్షియల్. ముందు హబ్బులకు తిప్పే తాళం వున్న బండి అది. తాళం తీస్తే చక్రం తిరిగినా లోపలి ఇరుసు, డిఫరెన్షియల్ తిరగవు. తాళం తీసి నడిపాడు. మోత యథాతథం! తిరగని వస్తువు మోగదు గదా. నెల జీతంలో సగం అక్కడికక్కడే మిగిలింది. లీవరు నాలుగు చక్రాల మీద మరచిపోయి తారురోడ్డు మీద నడిపారా అని కూడా అడిగాడు. ఇలాంటి బండ్లలో ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ అప్పుడు ఒకటిగా బిగించినట్టవుతుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడా పోయే దారిలేక గేర్లు బిగుసుకుని బాధపడతాయి. మావాడు ఆ పని చేయలేదు.

ఇక చివరి సాక్ష్యం. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి, ముందు చక్రం జాకీతో లేపి, జాకీని నమ్మకుండా ఇరుసు కింద ఇనుప స్టాండు కూడా పెట్టాడు. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే కొద్దిగా ఆడింది. మావాణ్ణి బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపాడు. ఈసారి ఆడలేదు. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే దోషం చక్రం బేరింగుది. పోకపోతే స్టీరింగు తిరిగే కింగ్‌పిన్ను చూడాలి.

హబ్బు విప్పితే గ్రీజు చిక్కటి పాలటీ రంగులో వుంది. బేరింగు మీద తుప్పు మచ్చలు. పరుగెత్తి వేడెక్కిన హబ్బు చల్లని నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. అరిగిన సీలుగుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీరు మూడు వారాలు తన పని తాను చేసుకుపోయింది. మావాడు ధీమాగా చెరువు దాటిన సాయంత్రం నుంచే ఈ కథ నడుస్తున్నదన్నమాట. బేరింగులు, సీలు కొత్తవి వేసి, రెండవవైపు కూడా విప్పి గ్రీజు మార్చాడు. అయిన ఖర్చు మొదటి షెడ్డువారి అంకెలో పదోవంతు కూడా లేదు.

“ఇట్లనే ఘాటెక్కితే?” అని అడిగాను. “బేరింగు పట్టేసిందంటే చక్రం బిగుస్తది, లేకుంటే వదులైతది. రెండూ మంచియి కావు,” అన్నాడు తాపీగా. ప్రయాణం వారంపాటు వాయిదా పడింది. మల్లన్న ఏమీ అనుకోలేదు.

మావాడు దారిలో అన్న మాట నాకు నచ్చింది. “మా ఆఫీసులోనూ ఇంతే బావా. ప్రోగ్రాములో తప్పు ఎప్పుడు వస్తోందో తెలిసి, దాన్ని మళ్ళీ రప్పించగలిగితే సగం దిద్దినట్టే.” మరి ఆ తెలివి జిప్సీ ఎక్కగానే ఎటుపోయిందని నేను అడగలేదు. బావమరిది గదా!

పాత బండి వున్న గృహస్థులకు నా మనవి ఒక్కటే. బండిలో ఒక చిన్న పుస్తకం వుంచండి. మోత వినగానే నాలుగు ముక్కలు రాయండి: ఎంత వేగంలో, ఎటు తిరుగుతుంటే, బ్రేకు తొక్కితే ఏమైంది, నీళ్ళలో దిగి ఎన్నాళ్ళయింది. షెడ్డులో ఆ కాగితం చూపించండి. దాన్ని చదివి ప్రశ్న వేసినవాడికి బండి అప్పగించండి. చదవకుండా అంకె చెప్పినవాడికి నమస్కారం పెట్టి రండి.

ఈ పద్ధతి బండ్లకే కాదు సుమండీ. నేను ఇంట్లో అకారణంగా సణుగుతుంటే మా ఆవిడ “ఏమిటా సణుగుడు?” అని ఏనాడూ అడగదు. “జవాబుపత్రాలు ఎప్పుడొచ్చాయి?” అంటుంది.